మర బిగించకముందే

మరమనిషి పోటీ చూడవచ్చినవారి దృష్టి ఎప్పుడూ బల్ల మీదనే వుంటుంది. రోబో ఎంత వేగముగా కదలినది, చేయి ఎంత చక్కగా చాచినది, దిమ్మెను పట్టుకొన్నదా, జారవిడిచినదా అన్నవే వారు చూస్తారు, వాటికే చప్పట్లు కొడతారు. ఐతే ఆ రెండున్నర నిమిషముల ఆటలోని గెలుపు ఓటములలో పెద్ద పాలు అంతకు ఎన్నో వారముల ముందే, ఒక నల్లబల్ల యెదుట, ఒక్క మర కూడ బిగించకముందే తేలిపోయి వుంటుంది. ఏ పనులు చేయవలె, ఏ పనులు వదలివేయవలె, దేనికెన్ని పాయింట్లు, దేనికెంత కాలము అన్న లెక్క వేసుకొన్న జట్టు ఒక రోబోను కడుతుంది. ఆ లెక్క వేసుకొనని జట్టు కూడ ఒక రోబోను కడుతుంది. కాని అది ఆ రూపములోనే ఎందుకున్నదో కట్టినవారికే తెలియదు.

ఈ విషయము ఇప్పుడు పల్లెటూరి బడులకు కూడ సంబంధించినదైనది. 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యమున అటల్ ఇన్నొవేషన్ మిషన్ ప్రారంభమైన తర్వాత, ఆరవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు చదివే పిల్లల కోసము దేశములో పదివేలకు పైగా పాఠశాలలలో టింకరింగ్ ల్యాబులు వెలసినవి. ఒక్కొక్క పాఠశాలకు మంజూరు 20 లక్షల రూపాయలు. రానున్న ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 ల్యాబులు నెలకొల్పుతామని 2025 ఫిబ్రవరి నాటి కేంద్ర బడ్జెట్టులో ప్రకటించినారు. 2016 అక్టోబరులో ముక్కలైన పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో, మంథని మొదలుకొని ఉట్నూరు వరకు, ఇటువంటి గదులు కోరుకొనే ఉపాధ్యాయులకు కొదవ లేదు. గదులు వస్తవి, పెట్టెలు వస్తవి, ఆ పెట్టెలలో మోటార్లు, సెన్సార్లు, చక్రములు వస్తవి. వాటితో ఏమి కట్టవలెననే ప్రశ్నకు సమాధానము మాత్రము ఏ పెట్టెలోను రాదు.

సాధారణముగా జరుగుతున్నదేమి? పెట్టె విప్పుతారు. దానితోపాటు వచ్చిన బొమ్మల పుస్తకము తెరచి, అందులో చూపిన బండిని కడతారు. బండి కదలగానే పిల్లలకు ఆనందము కలుగుతుంది, అది సహజమే. ఆ తర్వాత పోటీ నియమావళి వస్తుంది. మొదటి పనికి ఒక చేయి కావలెను కనుక ముందువైపు ఒక చేయి తగిలిస్తారు. రెండవ పనికి కొక్కెము కావలెను కనుక వెనుకవైపు ఒక కొక్కెము తగిలిస్తారు. మూడవ పని వచ్చేసరికి మోటార్లు చాలవు. నాలుగవ పనికి బండి బరువెక్కి మలుపులో తూలుతుంది. పోటీనాటికి అన్నీ కొంచెము కొంచెముగా చేయగలిగి, ఏదీ నమ్మకముగా చేయలేని యంత్రమొకటి సిద్ధమవుతుంది. ఇది పిల్లల తెలివి తక్కువ కాదు, పని వరుస తారుమారు కావడము.

గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో, బెల్లంపల్లిలోనో సింగరేణి కార్మికుని కొడుకునడిగితే ఈ వరుస చెప్పగలడు. బొగ్గుపొర మందమెంత, వాలు ఎంత, పైకప్పు రాయి ఎంత గట్టిది అని తెలిసిన తర్వాతనే స్తంభములు విడిచి తవ్వవలెనా, పొడవాటి గోడగా కోయవలెనా అని నిర్ణయిస్తారు. ఆ తర్వాతనే యంత్రము దిగుతుంది. యంత్రము కొని తెచ్చి, దానికి సరిపోయే పొర ఎక్కడున్నదని భూమి క్రింద వెతుకులాడేవారుండరు. మరమనిషి పోటీలో నియమావళియే ఆ పొర. దానిని కొలవక ముందు యంత్రము మాట ఎత్తరాదు.

కొలవడమంటే ఏమో ఒక ఉదాహరణ చూడవచ్చును. పాఠశాల పిల్లలకు ప్రపంచమంతటా సుపరిచితమైన ఫస్ట్ లెగో లీగ్ అనే పోటీ వున్నది. ఒక్కొక్క ఆటకు కాలము రెండున్నర నిమిషములు, అనగా 150 సెకన్లు. బల్ల మీద పదిహేను వరకు పనులుంటవి. రోబో తన స్థానము విడిచి వెళ్లిన తర్వాత తనంత తానుగానే నడవవలె. మధ్యలో పిల్లలు దానిని చేతితో అందుకొంటే, ముందుగా ఇచ్చిన ఆరు బిళ్లలలో ఒక్కటి పోతుంది. ఇటీవలి నియమముల ప్రకారము ఆట ముగిసేసరికి ఆరు బిళ్లలున్నా 50 పాయింట్లే, ఐదున్నా 50 పాయింట్లే. నాలుగైతే 35, మూడైతే 25, రెండైతే 15, ఒక్కటైతే 10.

ఈ చిన్న పట్టికను చదివి వదలివేసే జట్లే ఎక్కువ. కూర్చుని ఆలోచించిన జట్టుకు ఇందులో ఒక రహస్యము కనిపిస్తుంది. మొదటిసారి చేయి చాచడానికి వెల లేదు, అది ఉచితము. రెండవసారి చాస్తే 15 పాయింట్లు పోతవి. మూడవసారికి 10, నాలుగవసారికి 10, ఐదవసారికి 5. కాబట్టి మిక్కిలి సందేహాస్పదమైన పని ఒకటి ప్రయత్నించదలిస్తే, ఆ ఉచితమైన స్పర్శను దాని కొరకు దాచుకోవలె. రెండవసారి చేయి చాచి కాపాడుకొనే పని 15 పాయింట్ల కంటె తక్కువ విలువ గలదైతే, దానిని ఆ బల్ల మీద అలాగే వదలివేయడము లాభము. ఏడవ తరగతి పిల్లవాడు చేయగల తీసివేతలు ఇవి. కాని ఈ తీసివేతలే రోబో ముందుభాగమున చేయి వుండవలెనా, గోడకు ఆనుకొని నడిచే చక్రము వుండవలెనా అన్నది నిర్ణయిస్తవి.

పెద్ద పిల్లల పోటీలో లెక్క మరికొంత చిక్కనవుతుంది. అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ, 1992లో 28 జట్లతో మొదలుపెట్టిన ఉన్నత పాఠశాలల రోబో పోటీలో ఈనాడు తెలుగువారి పిల్లలు కూడ పాల్గొంటున్నారు. ప్రతి జనవరిలోను కొత్త ఆటను వెల్లడిస్తారు. కొద్ది వారములలో యంత్రము సిద్ధము కావలె. 2022 నాటి ఆటలో రోబో ఒక్కసారి రెండు బంతులకు మించి పట్టుకోరాదు. మొదటి పదిహేను సెకన్లు గడచి మనిషి నడిపే భాగము మొదలైన తర్వాత, క్రింది తొట్టిలో బంతి వేస్తే 1 పాయింటు, పై తొట్టిలో వేస్తే 2 పాయింట్లు. ఆట చివర ఇనుప కమ్మీలకు వ్రేలాడితే వేరే పాయింట్లు. సుమారు నాలుగడుగుల ఎత్తుది పట్టుకొంటే 4, ఐదడుగులదైతే 6, ఆ పైదానికి 10, ఏడున్నర అడుగుల ఎత్తున వున్న చివరిదానికి 15.

వినగానే ఎవరికైనా తోచేదేమి? పై తొట్టికి రెట్టింపు పాయింట్లున్నవి, కనుక పై తొట్టికే విసరవలె, చివరి కమ్మీకే ఎగబ్రాకవలె అని. ఇప్పుడొక కొత్త జట్టును ఊహించుకోండి. ఆ జట్టు బంతుల పనికి 120 సెకన్లు కేటాయించినది. క్రింది తొట్టి దగ్గరకు పోయి బంతులు జారవిడిచి రావడానికి 12 సెకన్లు పడుతుంది. అనగా పది విడతలు, ఇరవై బంతులు. అందులో పందొమ్మిది పడినా 19 పాయింట్లు. పై తొట్టికి గురి చూచి విసరవలెనంటే విడతకు 15 సెకన్లు. అనగా ఎనిమిది విడతలు, పదహారు బంతులు. కొత్తలో నూటికి నలుబదియైదు చొప్పున తగులుతవనుకొంటే ఏడు బంతులు, 14 పాయింట్లు. రెట్టింపు విలువ గల తొట్టి తక్కువ పాయింట్లిచ్చినది! నూటికి అరువది తగిలే రోజున రెండూ సమానమవుతవి. నూటికి ఎనుబది తగిలితే పై తొట్టి 25 పాయింట్ల దాకా ఇచ్చి క్రింది దానిని దాటిపోతుంది.

ఈ అంకెలు ఊహించుకొన్నవే. అసలు విలువ అంకెలలో లేదు, ప్రశ్న మారడములో వున్నది. "పై తొట్టియా, క్రింది తొట్టియా?" అని వాదించుకొంటే గట్టి గొంతు గలవాడు నెగ్గుతాడు. "పోటీ నాటికి నూటికి అరువది బంతులు తగిలించే స్థితికి చేరగలమా?" అని అడిగినప్పుడు గొంతుతో పని లేదు. పాత సైకిలు చక్రము నొకదానిని మోటారుకు బిగించి, గోడ మీద సుద్దతో వలయము గీసి, వంద బంతులు విసరి చూస్తే సమాధానము దొరుకుతుంది.

మరొక ముచ్చట కూడ ఆ ఆటలో వున్నది. మిగిలిన పదిహేను సెకన్లలో మరొక విడత బంతులు వేస్తే వచ్చేది రెండు పాయింట్లు. అదే కాలములో ఐదడుగుల కమ్మీని పట్టుకొని వ్రేలాడితే ఆరు. దానికి కావలసినది పైకి చాచి క్రిందికి లాగుకొనే చేయి ఒక్కటే. చివరి కమ్మీ పదిహేను పాయింట్లిస్తుంది, నిజమే. కాని ఒక కమ్మీ నుండి మరొక కమ్మీకి కోతివలె మారే యంత్రము కావలె. తప్పిపడితే ఆ ఆట పోవడమే కాదు, తర్వాతి ఆటకు యంత్రమే మిగలకపోవచ్చును. లెక్క వేసిన కొత్త జట్టు బంతులు విసిరే యంత్రము కంటె ముందు ఈ సాదా చేయి కడుతుంది. చప్పట్లు తక్కువ వస్తవి. పాయింట్లు తక్కువ రావు.

ఐతే అన్ని పోటీలలోను నిలకడయే గెలుస్తుందని చెప్పడము కూడ తప్పే. ఉపాధ్యాయులు తరచుగా ఏమరిచేది ఇక్కడనే. పాయింట్లు ఎట్లా కూడుతారు అన్న ఒక్క నియమము వ్యూహమునంతటినీ తలక్రిందులు చేయగలదు. ఆదిలాబాదు నల్లరేగడిలో పత్తి వేసే రైతు సంగతి తీసుకోండి. తొలకరి పడగానే విత్తితే పంట ముందు చేతికి రావచ్చును. ఆ తర్వాత వాన ముఖము చాటేస్తే మొలక మాడిపోతుంది. మూడు సార్లకు సరిపడ విత్తనము ఇంట వున్న రైతు తొలకరిని నమ్మి ఒక పందెము వేయగలడు. ఒక్క విడతకే విత్తనము గలవాడు నేల బాగా తడిసేదాకా ఆగుతాడు. ఇద్దరూ తెలివిగలవారే, వారి స్థితులు వేరు.

ఫస్ట్ లెగో లీగ్‌లో ఒక్కొక్క జట్టుకు మూడు ఆటలిచ్చి, అందులో అన్నిటికన్న ఎక్కువ వచ్చినదానినే లెక్కకు తీసుకొంటారు. అది మూడు విడతల విత్తనము గల రైతు స్థితి. మొదటి ఆటలో నమ్మకమైన పనులు చేసి కొంత పదిలపరచుకొని, తర్వాతి రెండింటిలో సాహసము చేయవచ్చును. రెండు సార్లు విఫలమైనా నష్టము లేదు. ఓడిన జట్టు ఇంటికి పోవలసిన పోటీలో అట్లా కాదు. అక్కడ పది ఆటలలో ఎనిమిదింట మహాద్భుతముగా ఆడి రెండింట కదలక నిలిచిపోయే రోబో కంటె, పదింటిలోను మధ్యరకముగా ఆడే రోబో మేలు. ఎనిమిదిలో దాని వంతు వస్తుందో, రెండులో వస్తుందో ఎవరికి తెలుసు? పదవ తరగతి గణితములో సంభావ్యత అధ్యాయము చెప్పేటప్పుడు నాణెము, పాచిక మాత్రమే కాక ఈ మూడు ఆటల నియమమును కూడ నల్లబల్ల మీదికి తెస్తే, ఆ అధ్యాయమునకు పరీక్ష మార్కులు గాక మరొక ప్రయోజనము కూడ వున్నదని పిల్లలు గ్రహిస్తారు.

ఈ ఆలోచన తెలంగాణ పల్లె పిల్లలకు కొత్తది కాదనడానికి ఒక వింత నిదర్శనమున్నది. ఆసియా పసిఫిక్ ప్రసార సంఘము 2002లో టోక్యోలో మొదలుపెట్టిన రోబోకాన్ పోటీ కళాశాల విద్యార్థులది. ఏ దేశములో జరిగితే ఆ దేశపు సంప్రదాయము నుండి ఆటను తీసుకోవడము దాని ఆచారము. భారతదేశము 2008లో పుణే నగరమున ఆ పోటీ జరిపినప్పుడు ఎన్నుకొన్న ఇతివృత్తము కృష్ణాష్టమి నాటి ఉట్టి. 2022లో న్యూఢిల్లీలో జరిపినప్పుడు ఎన్నుకొన్నది లగోరీ, అనగా ఏడు పెంకులాట. కొందరు లింగోచ అంటారు, కొందరు పిట్టు అంటారు. పేరేదైనా జగిత్యాలలో, సిరిసిల్లలో, నిర్మలులో, ఆసిఫాబాదులో బడి వెనుక ఖాళీస్థలము వున్న చోటనెల్ల ఆడినదే. ఏడు పెంకులకు బదులు ఐదు పెద్ద బిళ్లలు పెట్టినారు. ఒక్కొక్క జట్టుకు రెండు రోబోలు. ఒకటి బంతి విసరి దొంతరను పడగొట్టవలె, రెండవది తిరిగి పేర్చవలె. పేర్చే రోబో తలమీద ఒక బంతి వుంటుంది, దానిని ఎదుటి జట్టువారు బంతితో కొట్టి పడగొట్టజూస్తారు. పిదప పాత్రలు మారుతవి.

ఇందులోని చిక్కును ఇంజనీరింగు చదివినవానికంటె పెంకులాట ఆడిన పిల్లవాడు త్వరగా పట్టుకొంటాడు. దొంతరను బలముగా కొడితే పెంకులు నలుదిక్కుల చెదిరిపోతవి. చూచేవారికి అది కన్నుల పండుగ. కాని వాటిని ఏరుకొని పేర్చవలసినది తన జట్టే! వీపు మీద బంతి దెబ్బ తినవలసినదీ తన జట్టే. కనుక అనుభవశాలి ఐన పిల్లవాడు పై నాలుగు పెంకులు ప్రక్కనే జారిపడేటట్లు అంచున తాకిస్తాడు. ఒక రోబో బలము మరొక రోబోకు భారమయ్యే ఈ సంబంధమును ఆటలో కనిపెట్టిన జట్టు, విసిరే రోబోను కట్టేవారిని, పేర్చే రోబోను కట్టేవారిని ఒకే చాప మీద కూర్చుండబెడుతుంది. కనిపెట్టని జట్టులో వారిద్దరూ చెరొక గదిలో పని చేసి, చివరి వారము కలుసుకొంటారు. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువుకు చేర్చుకొనే విశ్వవిద్యాలయము గోదావరి ఒడ్డున బాసరలో 2008 నుండి వున్నది. పెంకులాట ఆడి వచ్చిన పిల్లలు అక్కడికి చేరుతున్నారు. వారి అనుభవము ఇంజనీరింగు తరగతిలో పనికిరానిదని వారి చేత అనిపించకుండ వుంటే చాలును.

ఇక్కడ ఒక ఆక్షేపణ వున్నది. దానిని తోసిపుచ్చరాదు. "క్రింది తొట్టి చాలును, ఐదడుగుల కమ్మీ చాలును అని పేద బడి పిల్లలకు చెప్పడమంటే, వారు క్రిందనే వుండవలెనని నేర్పడము కాదా? నగరములోని పెద్ద బడి పిల్లలు పై తొట్టికి గురిపెట్టగా, కాగజ్‌నగరు పిల్లలు మాత్రము బంతులు జారవిడుచుకొంటూ కూర్చోవలెనా?" అని కొందరు ఉపాధ్యాయులంటారు. వారి ఆవేదనలో న్యాయమున్నది. తక్కువకు తృప్తిపడుమని ఈ ప్రాంతపు పిల్లలకు తరతరాలుగా చెప్పినవారు చాలమందే వున్నారు.

కాని లెక్క చెప్పేది ఆ మాట కాదు. క్రింది తొట్టిని ఎన్నుకోవడము వేరు, క్రింది తొట్టి మీకు తగినదని ఇతరులు నిర్ణయించడము వేరు. మొదటిది పిల్లలు తాము కొలిచి, తాము కూడి, తాము తీసివేసి చేసిన నిర్ణయము. అదే లెక్క మరుసటి సంవత్సరము పై తొట్టియే మేలని చెప్పవచ్చును. అప్పుడు వారు ఎవరి అనుమతి అడుగనక్కరలేదు. నూటికి అరువది అన్న గీటు కాగజ్‌నగరుకు ఒకటి, హైదరాబాదుకు ఒకటి లేదు. నిజమునకు ఆశను దెబ్బతీసేది లెక్క కాదు, లెక్క లేని సాహసము. పై తొట్టికి విసిరే యంత్రము కడుతూ కడుతూ పోటీ నాటికి సగము కట్టిన దానితో దిగి, మూడు ఆటలలోను కదలక నిలిచిన బండిని చూచుకొని తిరిగివచ్చిన పిల్లలు, లోపము తమలోనే వున్నదనుకొంటారు. ఆదిలాబాదు నుండి రాజధానికి మూడువందల కిలోమీటర్ల దారి. ఆ దారి పొడుగునా బస్సులో ఆ తలపు తోనే కూర్చుంటారు.

రెండవ ఆక్షేపణ తేలికైనది. వ్యూహము వంటి పెద్ద విషయము పిల్లలకేమి తెలుస్తుంది, అది ఉపాధ్యాయుడో, రోజు కూలికి వచ్చే శిక్షకుడో నిర్ణయించి, కట్టడము మాత్రము పిల్లలకు విడువవలెనని కొందరి మతము. ఇది తిరగబడిన న్యాయము. మర బిగించడము ఎవరైనా నేర్పవచ్చును, అరగంటలో వస్తుంది. ఏది వదలుకోవలెనో తేల్చుకోవడము అరగంటలో రాదు. తరగతి పరీక్షలో ప్రశ్నలు ఎన్నుకొన్నవారు ఒకరు, మార్కులు వేసేవారు మరొకరు. పిల్లవాడికి మిగిలేది జవాబు మాత్రమే. ఏ ప్రశ్నకు జవాబు వెతకవలెనో తానే నిర్ణయించుకొనే అవకాశము బడిలో అరుదు. ఆ అరుదైన అవకాశమును కూడ పెద్దలే వాడుకొంటే పిల్లలకు మిగిలేది స్క్రూడ్రైవరు. పైగా ఫస్ట్ లెగో లీగ్ వంటి పోటీలలో బల్ల మీద వచ్చిన పాయింట్లు మొత్తములో నాలుగవ వంతే. రోబోను అట్లా ఎందుకు రూపొందించినారని న్యాయనిర్ణేతలు పిల్లలనే అడుగుతారు. శిక్షకుడు అప్పుడు వారికి బదులుగా జవాబు చెప్పరాదు.

ఉపాధ్యాయుడు చేయగల మేలు వేరే వున్నది. దానికి ల్యాబు కూడ అక్కరలేదు. వరండాలో సుద్దముక్కతో పోటీ బల్లను పెద్దదిగా గీయవచ్చును. ఒక విద్యార్థిని రోబో అనుకొని, ఒక చేయి వెనుకకు కట్టుకొని, రోబో నడిచే వేగముతోనే నడువుమనవచ్చును. ఇంకొకరు గడియారము పట్టుకొంటారు, మరొకరు పాయింట్లు వ్రాస్తారు. పది నిమిషములలో ఆ పిల్లలకు ఏ నియమావళి పుటలోను కనిపించనిది కనిపిస్తుంది. ఎడమ మూలనున్న 30 పాయింట్ల పనికి పోయిరావడానికే ఆటలో మూడవ వంతు కరిగిపోతున్నదని, దారిలోనే వున్న రెండు 10 పాయింట్ల పనులు ఒకే చేతితో, ఒకే నడకలో ముగుస్తవని కాళ్లతో తెలుసుకొంటారు. వేరొక చేయి కోరే 20 పాయింట్ల కంటె, వున్న చేతితోనే అయ్యే 10 పాయింట్లు చవుక అన్న మాట అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకము తెరచి, ప్రతి పని ఎదుట దాని పాయింట్లు, పట్టిన సెకన్లు, పది ప్రయత్నములలో ఎన్నిసార్లు నెరవేరగలదన్న అంచనా వ్రాయించవలె. వదలివేసిన పని ఎదుట ఎందుకు వదలినారో ఒక్క వాక్యము వ్రాయించవలె. ఈ వాక్యములు వ్రాయడానికి పిల్లలు మొదట బద్ధకిస్తారు, పోటీ తర్వాత వాటినే ముందుగా తెరచి చూస్తారు. అంచనా ఎనిమిది, అసలు జరిగినది నాలుగు అని తేలినప్పుడు మరుసటి సంవత్సరపు లెక్క అక్కడి నుండే మొదలవుతుంది. పోటీ ప్రకటన వచ్చిన తర్వాత ఈ పనికి రెండు వారములు కేటాయిస్తే ఎక్కువ కాదు. ఆ రెండు వారములు ల్యాబు తాళపుచెవి ఉపాధ్యాయుని జేబులోనే వుండవచ్చును, సుద్దముక్కలు మాత్రము కొంచెము ఎక్కువగా ఖర్చవుతవి.